వెనక బ్రేక్ డ్రమ్ము ఊడి రాకపోతే ఇంకా గట్టిగా కొట్టొచ్చా?

వద్దు. ముందు సుత్తి కింద పెట్టండి.

పికప్ వెనక చక్రం విప్పి రెండు గంటల నుంచి డ్రమ్మును బాదుతున్నానని, అది ఇసుమంత కూడా కదలట్లేదని, పెద్ద సుత్తి తెచ్చుకోమంటారా అని ఫొటో పెట్టి అడిగారు. నేను మూడేళ్ళ కింద సరిగ్గా ఇదే పని చేసి డ్రమ్ము అంచు విరగ్గొట్టుకున్నాను. పోత ఇనుము కదా, వంగదు, పెచ్చు లేచిపోతుంది. ఆ పెచ్చు పక్కింటి గేటుకు తగిలి టంగుమంది. కంటికి తగిలుంటే ఏమయ్యేదో.

మాది భీమవరం దగ్గర. బండి రొయ్యల లోడు తోలుతుంది. ఐసు కరిగి ట్రేల్లోంచి కారే నీళ్ళన్నీ వెనక యాక్సిల్ మీదే పడతాయి. కాబట్టి తుప్పు సంగతి నాకు బాగా తెలుసు.

అసలు సంగతి ఏమిటంటే, డ్రమ్ము రాకపోవడానికి కారణం ఒకటే కాదు. ఎక్కడ పట్టుకుందో తెలియకుండా ఎంత కొట్టినా దండగే. డ్రమ్మును రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఆగిపోతోందా, లేక అసలు కదలనే కదలదా? కొంచెం వచ్చి ఆగితే లోపల బ్రేక్ షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) అడ్డం పడుతున్నాయి. డ్రమ్ము అరిగి అంచున గట్టులా మిగులుతుంది, షూలు ఆ గట్టుకు తట్టుకుంటాయి. అసలు కదలకపోతే డ్రమ్ము మధ్య కన్నం హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) తుప్పుతో అతుక్కుపోయింది. లేదా డ్రమ్మును హబ్బుకు పట్టే చిన్న స్క్రూ ఏదో మట్టి కింద కనపడకుండా ఉండిపోయింది. నవ్వకండి, ఆ స్క్రూ విప్పకుండా పూటంతా లాగినవాళ్ళను చూశాను.

షూలు పట్టుకుంటే సుత్తితో పనే లేదు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదిలారో లేదో చూడండి. మా బండికి లీవరు దించినా కేబుల్ తుప్పుతో వెనక్కి రాలేదు, కింద పడుకుని చేత్తో లాగాల్సి వచ్చింది. తర్వాత చక్రం వెనకున్న ప్లేటుకు చిన్న రబ్బరు బిరడా కనిపిస్తుంది. అది తీస్తే లోపల పళ్ళ చక్రం ఉంటుంది, అదే అడ్జస్టర్. ఆటోమేటిక్ రకం అయితే సన్న స్క్రూడ్రైవర్‌తో దాని మీది లీవర్ను పక్కకు నెట్టి పట్టుకుని, ఇంకో స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ తిప్పాలి. నాలుగు పళ్ళు తిప్పి డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. ఇంకా బిగుసుకుంటే మీరు తిప్పేది తప్పు వైపు.

ఇక తుప్పుతో అతుక్కున్న రకం. చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టి వెంటనే లాగుతారు. దాని పేరులోని డబ్ల్యూడీ అంటేనే నీళ్ళను తరిమేది అని. మామూలు నీలం డబ్బా కంటే తుప్పు వదిలించడానికి విడిగా దొరికే పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. ఏది కొట్టినా సాయంత్రం కొట్టి, పొద్దున్న మళ్ళీ కొట్టి, అప్పుడు మొదలెట్టండి. హబ్బు చుట్టూ, స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టుల) మొదట్లో మాత్రమే, కొంచెమే. లోపలికి కారితే లైనర్లు, అంటే షూల మీది రాపిడి పొరలు, పాడవుతాయి.

తర్వాత డ్రమ్ము ముఖం మీద స్టడ్ల మధ్యలో మట్టి గీకి చూడండి. చాలా డ్రమ్ములకు అక్కడ మర ఉన్న కన్నాలు రెండు ఉంటాయి. నాకు ఈ సంగతి చెప్పింది వెల్డింగ్ షాపు బాబాయి. విరిగిన డ్రమ్ము పట్టుకుని వెళ్తే, జేబులోంచి మేకు తీసి ఒక చోట గుచ్చాడు. మట్టి రాలి మర కనపడింది. "ఒరేయ్ అబ్బాయ్, కంపెనీవాడు దారి పెట్టాడురా, నువ్వే గోడ పగలగొట్టావు" అన్నాడు. ఆ కన్నాల్లో సరిపోయే బోల్టులు (ఎక్కువగా 8 మిల్లీమీటర్లవి) పెట్టి, ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తనే బయటికి నెట్టుకొస్తుంది. ఒక్కవైపే బిగిస్తే వంకరపోయి ఇంకా బిగుస్తుంది. బోల్టు బాగా బిగిశాక, అప్పుడు కొట్టండి. అంచు మీద కాదు, స్టడ్ల మధ్య చదును మీద, చిన్న సుత్తితో టకటకా. అదురుకు తుప్పు పగిలి 'టప్' మని వదులుతుంది. ఆ చప్పుడు వింటే ఎంత హాయిగా ఉంటుందో!

గ్యాస్ మంట పెట్టమని కొందరు చెప్తారు. పని చేస్తుంది, కానీ పక్కనే ఆయిల్ సీలు, షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బర్లు ఉంటాయి. పైగా బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట మంట అసలు పెట్టకండి. క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి విషవాయువు పుడుతుంది.

వీల్ సిలిండర్‌కు ఉండే బ్లీడర్ నిపుల్ (బ్రేక్ ఆయిల్లోని గాలి వదిలే చిన్న మర) విప్పాల్సి వస్తే మాత్రం నా మాట వినండి. ఓపెన్ పానా పెట్టారో తల గుండ్రంగా అరిగిపోతుంది. రింగ్ పానాయే పెట్టాలి. ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చెయ్యండి. నాది విరిగి లోపలే ఉండిపోయింది, సిలిండర్ మొత్తం మార్చాను. ఆ సిలిండర్‌కు వచ్చే బ్రేక్ పైపు నట్టు తిప్పేటప్పుడు నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే అక్కడితో ఆపి మెకానిక్కును పిలవండి.

ముందు చక్రం కాలిపర్ పిన్ను (డిస్క్ బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ జారే పిన్ను) కూడా పట్టేసిందన్నారు. దాన్ని లాగకండి, అటూ ఇటూ తిప్పుతూ వదిలించండి. మళ్ళీ పెట్టేటప్పుడు మామూలు బేరింగ్ గ్రీజు పెట్టకండి, రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. బ్రేకులకు వేసే సిలికాన్ గ్రీజు అడగండి.

మీరు జాకీ ఒక్కటే పెట్టినట్టు ఫొటోలో కనిపిస్తోంది. వెంటనే బండి కింద స్టాండు కూడా పెట్టండి. వెనక పనికి హ్యాండ్ బ్రేక్ వదిలేస్తాం కదా. గేర్లో ఉందిలే అనుకోవద్దు, ఒక వెనక చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేరువేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల గేరు బండిని ఆపదు. ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు పెట్టండి, ఇటుకలు కాదు. డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ఇదంతా ఆయిల్ బ్రేకులున్న చిన్న బండ్లకే. ఎవరైనా లారీ వాళ్ళు చదువుతుంటే, గాలి బ్రేకుల స్ప్రింగ్ చాంబర్ జోలికి ఇంట్లో పోకండి. లోపల స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది, విప్పితే ప్రాణం తీస్తుంది.

డ్రమ్ము వచ్చాక హబ్బు ముఖం ఇనుప బ్రష్షుతో తెల్లబడేదాకా గీకి, వేడికి కరగని గ్రీజు పలచగా, వేలితో బొట్టు పెట్టినంత రాయండి. లైనర్ వైపు అంటనివ్వకండి. నేను అలా రాశాక, ఈసారి రెండు చేతులతో లాగితే వచ్చేసింది. మీ డ్రమ్ము మీద ఆ రెండు కన్నాలు ఉన్నాయో లేదో మట్టి గీకి చూసి చెప్పండి.