గొల్లపూడి ఎప్పుడూ ఒకే గొంతుతో మాట్లాడారు, మరి బహుముఖ నటుడు ఎలా అయ్యారు?

మీ ప్రశ్న ఇదీ: "గొల్లపూడి మారుతీరావు గారిని బహుముఖ నటుడు అంటారు. కానీ ఏ సినిమా చూసినా అదే గొంతు, అదే మాట తీరు. వేషం కూడా పెద్దగా మార్చేవారు కాదు. మరి ఆ పేరెలా వచ్చింది?"

ఒకప్పుడు నాకూ అచ్చంగా ఇదే అనుమానం. ఎన్ని సినిమాలు చూసినా అది తీరలేదు. ఆయన రాసిన నాటకంలో వేషం వేశాక సగం తీరింది, రేడియోలో మైకు ముందు నిలబడ్డాక మిగతా సగం తీరింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కాలేజీలో చదివేటప్పుడు ఒక పోటీ కోసం ఆయన నాటకం ‘కళ్ళు’ తీసుకున్నాం. కథ చిన్నదే. కొందరు గుడ్డి బిచ్చగాళ్లు పైసా పైసా కూడబెట్టి తమలో ఒకడికి కంటి ఆపరేషన్ చేయిస్తారు. వాడికి చూపొస్తే తమకి ఆసరాగా ఉంటాడని ఆశ. తీరా చూపొచ్చాక వాడు వాళ్లనే దోచుకోవడం మొదలుపెడతాడు. 1988లో ఎం.వి. రఘు గారు దీన్నే సినిమాగా తీశారు. నాది ఆ చూపొచ్చినవాడి వేషం.

రిహార్సల్లో నేను చేసిన పని ఏమిటంటే, చూపు రాకముందు ఒక గొంతు, వచ్చాక ఇంకో గొంతు పెట్టాను. రెండోది బొంగురుగా, దబాయింపుగా ఉండేది. నడక కూడా మార్చాను. మాకు నాటకం నేర్పిన తెలుగు మాస్టారు రెండు రోజులు ఓపిగ్గా చూసి మూడో రోజు ఆపేశారు. మా అందరి కళ్లకీ తువ్వాళ్లు కట్టించి నేలమీద గుండ్రంగా కూర్చోబెట్టి, వచ్చిన డైలాగులు వచ్చినట్టు చెప్పమన్నారు. పది నిమిషాలు గడిచేసరికి ఒక సంగతి అర్థమైంది. కళ్లు కనపడనప్పుడు అవతలివాడి మాట పూర్తిగా అయ్యేదాకా ఆగుతాం. వాడు ఎటున్నాడో, కోపంగా ఉన్నాడో లేదో, ఇంకా ఏమైనా అంటాడో అనడో తెలిసేది ఆ గొంతు వల్లే కదా! అప్పుడు మాస్టారు నా ఒక్కడి తువ్వాలు విప్పారు. "ఇప్పుడు నీకు చూపొచ్చింది. ఇక ఎవడి మాటా పూర్తి కానివ్వక్కర్లేదు. గొంతు మార్చకు. వాడు అదే మనిషి. ఆగడం మానేశాడు, అంతే" అన్నారు.

ఆ రోజు వాళ్ల మాటల మధ్యలోకి దూరి నా డైలాగు చెబుతుంటే నాకే ఒళ్లు జలదరించింది. కళ్లకు గంతలతో కూర్చున్న నా స్నేహితుల ముఖాలు, నేను అడ్డుపడ్డ ప్రతిసారీ, ఉలిక్కిపడి నా వైపు తిరిగేవి. నటన గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది, గొల్లపూడి గారిని అర్థం చేసుకోవడానికి తాళంచెవి కూడా అదే. ఎక్కడ ఆగాలి, ఎవరి కోసం ఆగాలి, ఎవరి దగ్గర ఆగక్కర్లేదు అన్నది ఆయన పాత్రపాత్రకీ మార్చేవారు. గొంతు మాత్రం అలాగే ఉంచేవారు.

తర్వాత నేను ఆకాశవాణిలో డ్రామా ఆడిషన్ పాసై కొన్నేళ్లు రేడియో నాటకాలు వేశాను. రేడియోలో మీసం లేదు, పంచె లేదు, చెయ్యి ఊపినా ఎవరికీ కనపడదు. మైక్‌కి దగ్గరగా వచ్చి నెమ్మదిగా అంటే అది మనసులో మాట. రెండడుగులు వెనక్కి వేసి, తల కాస్త పక్కకి తిప్పి అంటే గుమ్మం దగ్గర నిలబడి అన్నట్టు వినిపిస్తుంది. స్క్రిప్టు కాగితాలు చప్పుడు కాకుండా ఒక్కొక్కటే పక్కకి జార్చాలి. ఆ చిన్న చప్పుడు కూడా వినేవాళ్లకి కథలో ఏదో జరిగినట్టే ఉంటుంది. ఇక మౌనం మరీ ప్రమాదం. సరైన చోట ఒక్క క్షణం ఆగితే వినేవాడు రేడియో దగ్గరికి జరుగుతాడు, అదే మౌనం కాస్త ఎక్కువైతే స్టేషన్ పోయిందేమో అనుకుంటాడు.

గొల్లపూడి గారు ఈ రేడియో గదుల్లో దాదాపు రెండు దశాబ్దాలు ఉన్నారు. 1939లో విజయనగరంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు అయ్యాక ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్, ఆ తర్వాత ఆకాశవాణి. కడప కేంద్రంలో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్‌గా ఉండగా ఆ ఉద్యోగం వదిలారు. ఈలోగా సినిమాలకి రాయడం సాగుతూనే ఉంది. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’కి పనిచేశారు. కె. విశ్వనాథ్ గారు దర్శకుడిగా చేసిన మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’ కథలో యద్దనపూడి సులోచనారాణి గారితో పాటు ఈయన చెయ్యి కూడా ఉంది. అది 1965. తెరమీద నటుడిగా కనిపించింది 1982లో, కోడి రామకృష్ణ గారి మొదటి సినిమా ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’లో. అప్పటికి ఆయనకి నలభై దాటాయి. ఆ తర్వాత 250కి పైగా సినిమాలు!

నలభై దాటాక వచ్చిన మనిషికి అన్ని వేషాలు ఎలా దొరికాయంటే, నా ఉద్దేశంలో కారణం ఒక్కటే. అప్పటికే ఆయన ఎన్నో రకాల మనుషుల చేత మాట్లాడించారు, కాగితం మీద, మైకు ముందు. నటుడయ్యాక వాళ్లందరినీ తన గొంతులోకి తెచ్చుకున్నారు.

రెండు వేషాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1986 ‘స్వాతిముత్యం’లో ఆయనది చలపతి వేషం. కథానాయకుడు శివయ్య అమాయకత్వాన్ని వాడుకునే మనిషి. (విశ్వనాథ్ గారి మొదటి సినిమా కథకి చెయ్యి వేసిన రచయితే ఇరవై ఏళ్లు తిరిగాక ఆయన సినిమాలో ఇలాంటి వేషంలో కనిపించడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.) మరుసటి ఏడాదే ‘సంసారం ఒక చదరంగం’. తమిళంలో విసు గారు రాసి, తీసి, తండ్రిగా వేసిన కథ. తెలుగులో ఆ తండ్రి వేషం గొల్లపూడి గారిది. డబ్బు లెక్కల దగ్గర పెద్దకొడుకుతో మాటా మాటా పెరిగి, ఇంటి మధ్యలో గీత గీసి రెండు ముక్కలు చేసే తండ్రి.

ఈ రెండింట్లోనూ ఉన్నది మీరన్న ఆ ఒకే గొంతు. కానీ చలపతి మాట్లాడుతుంటే అవతలి మనిషికి ఊపిరి తీసుకునే సందు దొరకదు. వాడికి ఎదుటివాడి జవాబుతో పని లేదు, తన పని అయితే చాలు. ఆ తండ్రి మాట్లాడేటప్పుడు మాత్రం నాకు ప్రతి మాట వెనకా కొడుకు నుంచి ఒక్క మంచి మాట వస్తుందేమోనన్న ఎదురుచూపు వినిపిస్తుంది. రాదు. రాదని తెలిశాకే గీత పడుతుంది. మా నాన్న ఆ సినిమా చూస్తూ ఆ సీను దగ్గర లేచి వరండాలోకి వెళ్లిపోయారు. ఆయనా ఆయన తమ్ముడూ అప్పటికి రెండేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

ఇక టీవీ. ఈటీవీలో ‘ప్రజావేదిక’, మా టీవీలో ‘మనసున మనసై’ ఆయన నడిపారు. ఇలాంటి కార్యక్రమాల్ని నటుడి జీవితంలో లెక్క వేయరు చాలామంది. నేను వేస్తాను. స్టూడియోలో మామూలు మనిషి లైట్ల వేడికి, కెమెరాలకి బిగుసుకుపోయి కూర్చుంటాడు. అలాంటివాడి చేత మాట్లాడించాలంటే ప్రశ్న అడిగి ఊరుకోవడం రావాలి. నేను కూడా కొన్నాళ్లు సీరియల్స్‌లో తండ్రి, పెదనాన్న వేషాలు వేశాను. అక్కడ ప్రతి క్షణం టెన్షనే. రోజుకి ఇన్ని సీన్లు పూర్తి చేయాలని ముందే లెక్క ఉంటుంది, పక్కనుంచి ప్రాంప్టింగ్ వినిపిస్తూ ఉంటుంది. ఒకసారి కూతురు ఇల్లు వదిలి వెళ్లే సీనులో, ఆ అమ్మాయి డైలాగు అయ్యాక నేను కావాలనే ఆగాను. డైలాగు మర్చిపోయాననుకుని ప్రాంప్టర్ రెండుసార్లు అందించాడు. డైరెక్టర్ కట్ చెప్పి "ఏమైంది సార్?" అన్నారు. "ఈ అమ్మాయి వెనక్కి తిరుగుతుందేమోనని తండ్రి చూస్తాడండీ" అన్నాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి అలాగే తీశారు. ఆ ఎపిసోడ్ వచ్చిన రాత్రి మా అక్క ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా కాసేపు ఏడ్చింది.

ఒక సంగతి రాయకుండా ఉండలేను. 1992 ఆగస్టు 12న, ‘ప్రేమ పుస్తకం’ షూటింగ్ జరుగుతుండగా, ఆ సినిమా దర్శకుడైన ఆయన చిన్నకొడుకు శ్రీనివాస్ విశాఖ సముద్రంలో అల తాకిడికి ప్రాణాలు కోల్పోయారు. అది ఆ అబ్బాయి మొదటి సినిమా. మిగిలిపోయిన ఆ సినిమాని తండ్రే దర్శకత్వం వహించి పూర్తిచేశారు. అజిత్ తెలుగులో హీరోగా చేసింది అదే. తర్వాత కొడుకు పేరుతో, దేశంలో ఏ భాషలోనైనా మొదటి సినిమా తీసిన దర్శకుడికి ఏటా అవార్డు ఇచ్చారు. ఆమిర్ ఖాన్ ‘తారే జమీన్ పర్’కి ఆ అవార్డు తీసుకున్నారు. మనసు ఛిద్రమైన మనిషి ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కొడుకు తీసిన షాట్లు ఒక్కొక్కటీ చూసి, ఎక్కడ కోయాలో ఎక్కడ ఉంచాలో తేల్చడం నా ఊహకి కూడా అందదు. 2019 డిసెంబర్ 12న చెన్నైలో ఆయన పోయారని తెలిసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన వేసిన ఏ వేషమూ కాదు, ఈ సంగతే.

మీ అనుమానం మీరే తీర్చుకోవాలంటే ఒక పని చేయండి. ‘స్వాతిముత్యం’, ‘సంసారం ఒక చదరంగం’ రెండూ దగ్గర దగ్గరగా చూడండి. ఆయన సీను రాగానే కళ్లు మూసుకుని వినండి. అవతలివాళ్ల మాటకీ ఆయన మాటకీ మధ్య ఎంత ఖాళీ ఉందో లెక్కపెట్టండి. తర్వాత ఏమనిపించిందో కింద రాయండి, తప్పకుండా చదువుతాను.