తేనెపెట్టెను కాల్చక తప్పదా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. పెరట్లో రెండు తేనెపెట్టెలున్నాయి. ఒకదాంట్లో పిల్లపురుగులు గోధుమరంగుకి తిరిగి చచ్చిపోతుంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అని, పెట్టెను కాల్చేయమన్నారు. యాంటీబయాటిక్ వేస్తే పోదా? ఆ బాక్టీరియా అసలు పురుగుని ఏం చేస్తుంది?

జవాబు: కాల్చేయండి. పెంచుకున్న ఈగల్ని చంపుకోవడం ఎంత కష్టమో తెలుసు, కానీ ఈ జబ్బుతో బేరాలు కుదరవు.

దీన్ని తెచ్చేది పేనిబాసిల్లస్ లార్వే అనే బాక్టీరియా. గుడ్డులోంచి వచ్చి ఒకటిన్నర రోజు కూడా నిండని పురుగుకి తిండితోపాటు సుమారు 10 స్పోర్లు (విత్తనాల్లా నిద్రలో ఉండే బాక్టీరియా రూపాలు) వెళ్తే చాలు. అవి పేగులో మొలిచి, మొదట్లో పురుగు తిన్నదే తింటూ పెరుగుతాయి. పేగు గోడకి అడ్డంగా కైటిన్ అనే గట్టి పదార్థంతో ఒక సన్నని పొర ఉంటుంది, బాక్టీరియా ఓ ప్రోటీన్ వదిలి ముందు దాన్ని కరిగిస్తుంది. ఆ ప్రోటీన్ తయారు చేయలేని బాక్టీరియాతో ప్రయోగం చేసినప్పుడు చావులు బాగా తగ్గాయి, అంటే ఆ అడ్డు తొలగించుకోవడమే దానికి అసలు పని. ఇక ఈ బాక్టీరియాలో ఎరిక్-1 అనే రకమైతే విషాలు వదిలి పేగు కణాల్ని చంపుతుంది, ఎరిక్-2 అనే రకం తన ఒంటిమీది ప్రోటీన్ సాయంతో వాటికి అతుక్కుంటుంది. గోడ తెగాక ఒళ్లంతా పాకి, ఎంజైములతో పురుగుని జిగురుముద్ద చేసేస్తుంది. పైగా పేనిలామిసిన్ అనే యాంటీబయాటిక్ తనే తయారు చేసుకుని పోటీ బాక్టీరియాని దగ్గరికి రానివ్వదు!

లోపలికి కుంగి, చిల్లులుపడిన, పురుగు గది మీది మైనపు మూత తీసి అగ్గిపుల్లతో కలిపి పైకి లాగితే తీగపాకంలా సాగేది ఆ ముద్దే. ఎండాక గది అడుగున నల్లటి పెచ్చులా అంటుకుపోతుంది, ఈగలు గీకినా రాదు, అందులో కోట్లకొద్దీ స్పోర్లు.

మందు పనిచేసేది పెరుగుతున్న బాక్టీరియా మీదే. స్పోర్లకి ఏమీ కాదు, 35 ఏళ్ల తర్వాత కూడా అవి మొలుస్తాయి. మందు ఆపగానే మళ్లీ మొదలు, ఈలోగా మీ ఈగలు చుట్టుపక్కల పెట్టెలకి కూడా అంటిస్తాయి.

ఈగలన్నీ లోపలికి చేరాక, ఇన్‌స్పెక్టర్ చెప్పిన పద్ధతిలో గొయ్యి తీసి కాల్చి, బూడిద పూడ్చేయండి. ఆ తేనె మనుషులకి హాని చేయదు గానీ రెండో పెట్టెకి మాత్రం చుక్క కూడా పెట్టొద్దు. గ్లవ్స్, పనిముట్లు ఇటువి అటు వాడొద్దు, రెండో పెట్టెలో పిల్లపురుగులున్న ఫ్రేములు కూడా ఇన్‌స్పెక్టర్‌తో చూపించుకోండి.