మూత్రంలో మంట: పల్లేరు కషాయం చాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు, టీచర్ని. బడిలో బాత్రూమ్ బాగుండదని సాయంత్రం దాకా ఆపుకుంటాను. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం ఈ ఏడాదిలో ఇది మూడోసారి. వేడి చేసిందని మా అత్తగారు పల్లేరు కాయల కషాయం, బార్లీ నీళ్లు ఇస్తున్నారు. పోయినసారి మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుని, మంట తగ్గగానే ఆపేశాను. ఇంటి వైద్యంతో పోదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బార్లీ నీళ్లు నిక్షేపంగా తాగండి, అత్తగారితో పేచీ ఏమీ వద్దు. ఎండల్లో నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడినా మంట పుడుతుంది, అది నీళ్లు తాగితే పోతుంది. మీది అలా లేదు. ఏడాదిలో మూడుసార్లంటే తిరగబెట్టే ఇన్ఫెక్షన్ కిందే చూస్తాం, దానికి ఎక్కువ మందిలో కారణం మన పేగుల్లోనే ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా. పల్లేరు, కొండపిండి, ధనియాలు మూత్రం ధారాళంగా రావడానికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో వాడుతున్నవే కానీ, మూత్రాశయంలో పాతుకున్న బ్యాక్టీరియాను అవి చంపుతాయని మనుషుల మీద గట్టి రుజువేమీ లేదు. క్రాన్‌బెర్రీ పండు కూడా మళ్లీ రాకుండా కొందరికి ఉపయోగపడుతుందే తప్ప, వచ్చినదాన్ని తగ్గించదు. (బజారులో దొరికే తియ్యటి జ్యూస్‌లో పంచదారే ఎక్కువ.)

అన్నిటికంటే చవకైన మందు మంచినీళ్లే. రోజుకు లీటరున్నర కన్నా తక్కువ తాగే, ఇలాగే పదేపదే బాధపడే ఆడవాళ్లు ఇంకో లీటరున్నర అదనంగా తాగితే ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. కాకపోతే తాగి ఆపుకుంటే ఏం లాభం? బాత్రూమ్ సంగతి హెడ్మాస్టర్ గారిని మొహమాటం లేకుండా అడగండి, తోటి టీచర్లను కూడా కలుపుకోండి, ఇది మీ ఒక్కరి బాధే అయ్యుండదు.

ఇక ఆ రెండు రోజుల మాత్రలు. మంట తగ్గడం వేరు, బ్యాక్టీరియా పోవడం వేరు. ఈసారి మందు మొదలుపెట్టకముందే, మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి, రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, ఏ మందు పనిచేస్తుందో అందులో ఉంటుంది. డాక్టర్ రాసినన్ని రోజులూ వాడండి. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా కషాయం కాచుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. నెల తప్పి ఉంటే అసలు సొంత వైద్యమే వద్దు. చంద్రప్రభావటి లాంటి ఆయుర్వేద మాత్రల్లో లోహభస్మం కూడా ఉంటుంది, మూలికే కదా అని మింగేయకండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్, వయసు 68. ఆయనకీ ఇదే బాధ. కొండపిండి కషాయం ఇవ్వచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు పరీక్ష. మగవాళ్లలో ఈ వయసులో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా దిగకపోవడం మామూలే, షుగర్ దానికి తోడు. కల్చర్, షుగర్ పరీక్ష, పొట్ట స్కాన్ చేయించండి. ఆయన వాడే మాత్రల చీటీ కూడా డాక్టర్‌కి చూపించండి. కిడ్నీ, గుండె జబ్బులుంటే నీళ్లు కూడా ఎన్ని తాగాలో డాక్టర్నే అడగాలి.