మెంటర్‌గా వెళ్లబోతున్న పిల్లకి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

నువ్వు మెంటర్‌గా, అంటే ఒక పిల్లకి తోడుగా ఉండి దారిచూపే పెద్దగా, పేరిచ్చావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వారానికోసారి ఒక్క అమ్మాయినే కలవాలట. ఆ పిల్లకి పద్నాలుగేళ్లట, కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరేస్తుందట, స్కూల్లో ఎవరితోనూ పడదట. నేనిన్నాళ్లు చేసిన పనిలోకి మా ఇంటి పిల్ల వస్తోందంటే గర్వంగా ఉండదా! గుబులు కూడా అంతే పుట్టింది. నీ సంగతి నాకు తెలుసు. డ్యాన్సు కొన్నాళ్లు, గిటారు అంతకన్నా తక్కువ. మూలన పెట్టేసినందుకు గిటారు ఏమీ అనుకోదు. ఈ పిల్ల అనుకుంటుంది.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. టైముకి వెళ్లు, ఫోన్ సంచిలో పెట్టెయ్, నలుగురికీ కనబడే చోట కలువు, డబ్బులూ బహుమతులూ వద్దు.

మొదటిరోజే ఒక మాట చెప్పెయ్. "నువ్వు చెప్పినవి చాలావరకు నా దగ్గరే ఉంటాయి. కానీ నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించినా, నిన్నెవరైనా బాధపెడుతున్నా అది నేను దాచను" అని. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటారు పిల్లలు. నీకసలే మొహమాటం. ఒట్టెయ్యకు. అలాంటిది తెలిసిన రోజే నీ పైనున్నవాళ్లకి చెప్పాలి, రేపు చూద్దాంలే అనుకోకూడదు. మందుల గురించి సలహాలివ్వకు, దానికి డాక్టరున్నారు. వాళ్లమ్మానాన్నల్ని తప్పుపడుతూ ఆ పిల్ల ముందు మాట్లాడకు, నీకెంత మండినా సరే.

కోపంలో ఉన్నప్పుడు "ఎందుకిలా చేశావ్?" అని అడగకు. ఆ క్షణంలో తనకీ తెలీదు. గొంతు తగ్గించి, మాటలు తగ్గించి, కాస్త ఎడంగా ఉండు. తలుపుకి అడ్డంగా మాత్రం నిలబడకు, దారి మూసేశావనిపిస్తే కోపం ఇంకా రేగుతుంది. చల్లబడ్డాక, ఆ గొడవకి ముందు ఏం జరిగిందో, గొడవయ్యాక తనకి ఏం దక్కిందో చూసుకో. చదవమన్నప్పుడల్లా పుస్తకం విసురుతోందంటే, విసిరితే చదవడం తప్పుతోందన్నమాట. బహుశా చదవడమే రాదేమో, పదిమందిలో ఆ సంగతి బయటపడుతుందని భయమేమో. అప్పుడు చూడాల్సింది చదువు సంగతి, పుస్తకం సంగతి కాదు. ఇంకోటి, అరిచినప్పుడల్లా అందరూ పరిగెత్తుకొచ్చే అలవాటు మానేస్తే, మొదట్లో అరుపులు తగ్గకపోగా పెరగొచ్చు కూడా. అప్పుడే "ఇది పనిచెయ్యట్లేదు" అని చేతులెత్తేస్తారు చాలామంది. కొన్నాళ్లు ఓపిక పట్టు.

మెచ్చుకోవాలంటే "నువ్వు చాలా మంచిదానివి" అనకు, నమ్మరు. "ఇవాళ కోపమొచ్చినా బయటికెళ్లి నిలబడ్డావు, చూశాను" అను.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. మాతో ఒకావిడ పనిచేసేది. చాలా నేర్పున్న మనిషి. ఎవరితోనూ నోరు విప్పని ఒక పిల్ల ఆవిడతో గలగలా మాట్లాడేది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగేది కాదు, పక్కనే నడుస్తూ మాట్లాడించేది. ఇంతలో ఆవిడకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. చెబితే పిల్ల ఏడుస్తుందని, ఆ ఏడుపు చూడలేక, "వచ్చేవారం కలుద్దాం" అనేసి వెళ్లిపోయింది. చెడ్డమనిషి కాదమ్మా, జాలి ఎక్కువై అలా చేసింది. ఆ వచ్చేవారం పిల్ల ఎంతసేపు చూసినా ఆవిడ రాలేదు. సాయంత్రం గదిలో అద్దాలు పగలగొట్టింది. "చూశారా, ఇది మారదని మేం ముందే అన్నాం" అన్నారు పెద్దలు. ఆవిడ రాలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ పిల్లని నాకప్పగించారు. నన్ను అడిగిన మొదటి మాట, "నువ్వెప్పుడు పోతావ్?" చాలాకాలం నాతో మాట్లాడలేదు, నేను బయల్దేరే టైముకి మాత్రం బండి తాళాలు దాచేసేది. వెతికించి వెతికించి, చివరికి తనే తెచ్చిచ్చేది. నేను కసరలేదు. వెళ్తూ వెళ్తూ మళ్లీ వచ్చే రోజు, టైము ఒక కాగితం మీద రాసిచ్చేదాన్ని. తాళాలు దాచడం ఎప్పుడు మానేసిందో గుర్తులేదు గానీ, ఆ కాగితాలన్నీ దాచుకుందని తర్వాత తెలిసింది.

ఇదేదో పెద్దమ్మ చాదస్తం అనుకుంటావేమో. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు అమెరికాలో పిల్లలకి మెంటర్లని జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమంలో 1,100 మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. మెంటర్‌తో ఏడాదో, అంతకన్నా ఎక్కువో గడిపిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలలు కూడా నిండకుండా ఆగిపోయిన చోట, పిల్లలకి తమ మీద తమకున్న గౌరవం ముందుకన్నా తగ్గింది. ఆ పిల్లలకి అసలు ఎవరూ రాకపోయినా బాగుండేదనిపిస్తుంది నాకు.

అందుకే నిన్ను భయపెడుతున్నాను. వద్దనడం లేదురా కన్నా. నీకు వినే గుణం ఉంది, అది నేర్పితే వచ్చేది కాదు. కానీ ఏడాది ఉండలేననుకుంటే ఇప్పుడే చెప్పెయ్, ఎవరూ ఏమీ అనుకోరు. ఉంటే మాత్రం, మానాల్సిన రోజు వచ్చినప్పుడు కొన్ని వారాల ముందే ఆ పిల్లకి చెప్పు. ఇంకెన్నిసార్లు కలుస్తారో క్యాలెండర్‌లో చూపించు. ఏడిస్తే ఏడవనీ, తిడితే పడు. "ఎప్పటికీ టచ్‌లో ఉంటా" లాంటివి నోటినుంచి రానివ్వకు, నిలబెట్టుకోలేవు.

ఇంతకీ నీ పైన ఎవరుంటారు? నీకు చేతకాని రోజున ఎవరికి ఫోన్ చెయ్యాలి? అది అడిగావా? అడగలేదని నాకు తెలుసు. ఫారం మీద సంతకం పెట్టకముందే అడుగు. పేరు, నంబరు రాసుకో. ఆదివారం ఫోన్ చేస్తాను, ఈసారైనా ఎత్తు.

మీ పెద్దమ్మ