ఫోస్టర్ అమ్మాయికి 18 నిండుతున్నాయి, కౌన్సిల్ ఇంటికి ఎలా అప్లై చేయాలి?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో స్థిరపడి పదహారేళ్లయింది, పౌరసత్వం కూడా వచ్చింది. మా పిల్లలు చదువులకి వెళ్లిపోయాక ఫోస్టరింగ్ మొదలుపెట్టాం. లండన్‌లోని ఒక కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) మా దగ్గర పెట్టిన అమ్మాయి నాలుగేళ్లుగా మాతోనే ఉంటోంది. మేముండేది లండన్ బయట, వేరే కౌన్సిల్ పరిధిలో. తను 2008లో పుట్టింది, వచ్చే మార్చికి 18 నిండుతాయి. హెయిర్‌డ్రెస్సింగ్ అప్రెంటిస్‌గా చేరింది. సొంతంగా ఉండాలని ఆశ. కౌన్సిల్ ఇంటికి ఎలా అప్లై చేయాలి? "ఇక మా ఇంట్లో ఉండనివ్వం" అని లెటర్ రాసిస్తే తొందరగా ఇస్తారని తెలిసినవాళ్లు అంటున్నారు. మావారేమో 5,000 పౌండ్లు తన చేతిలో పెట్టి, ప్రైవేటు ఫ్లాట్‌కి గ్యారంటర్‌గా సంతకం పెడదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లెటర్ సంగతి తేల్చేద్దాం. రాయకండి. 18 నిండి ఇంకా 21 నిండని కేర్ లీవర్ (కౌన్సిల్ సంరక్షణలో పెరిగి బయటికొచ్చినవాళ్లు) ఇల్లు లేక రోడ్డున పడితే చట్టం 'ప్రయారిటీ నీడ్' కింద, అంటే ముందుగా ఆదుకోవాల్సినవాళ్లుగా చూస్తుంది, అంతవరకు మీవాళ్లు చెప్పింది నిజమే. కానీ అలా వెళ్లినవాళ్లకి మొదట దొరికేది ఫ్లాట్ కాదు, హాస్టల్లోనో బి అండ్ బి అనే చిన్న లాడ్జిలోనో ఒక గది. అక్కడ ఎన్ని నెలలు పడి ఉండాలో ఎవరూ చెప్పలేరు. పైగా మీరు నిజంగా పంపేయడం లేదు కదా. హౌసింగ్ అప్లికేషన్ కోసం తెలిసి తెలిసి అబద్ధం రాసివ్వడం నేరం. ఫోస్టర్ కేరర్లుగా మీ పేరు కూడా పోతుంది.

కౌన్సిల్ ఇల్లంటే మన దగ్గర ఇందిరమ్మ ఇల్లులా మంజూరయ్యాక సొంతమైపోయేది కాదు. ఇది అద్దె ఇల్లే. మార్కెట్ కంటే తక్కువ అద్దె, మామూలుగా మొదటి 12 నెలలు 'ఇంట్రడక్టరీ టెనెన్సీ', అంటే ప్రొబేషన్ లాంటిది. ఆ ఏడాదిలో అద్దె బకాయి పడితే ఖాళీ చేయించడం కౌన్సిల్‌కి సులువు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అప్లై చేయడం పెద్ద విద్యేమీ కాదు. హౌసింగ్ రిజిస్టర్‌లో, అంటే కౌన్సిల్ ఇళ్ల వెయిటింగ్ లిస్టులో, పేరు రాయించుకోవాలి, ఫారం దాదాపు అంతటా ఆన్‌లైన్‌లోనే. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ (పన్నులకి, ప్రభుత్వ సాయానికి వాడే గుర్తింపు నంబర్), పాస్‌పోర్టు లేదా బర్త్ సర్టిఫికెట్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కేర్‌లో ఉన్నట్టు కౌన్సిల్ ఇచ్చే లెటర్ దగ్గర పెట్టుకోండి. చాలా చోట్ల 18 నిండకముందే పేరు తీసుకుంటారు. మైనర్ పేరు మీద టెనెన్సీ ఉండదు కాబట్టి తాళం మాత్రం ఆ తర్వాతే. అసలు పని ఫారంలో లేదు, పాత్‌వే ప్లాన్‌లో ఉంది, అంటే కేర్ నుంచి బయటికొచ్చాక ఎలా బతకాలో కౌన్సిల్ తనతో కలిసి రాసే ప్లాన్‌లో. తనకి దారి చూపడానికి కౌన్సిల్ పెట్టే పర్సనల్ అడ్వైజర్ (పీఏ) ఒకరు ఉంటారు, లేదా త్వరలో వస్తారు. "ఈ అమ్మాయి ఒంటరిగా ఇల్లు నడుపుకోగలదు" అని ఆ పీఏ రాసిస్తేనే చాలా కౌన్సిళ్లు కేర్ లీవర్లకి పై బ్యాండ్, అంటే లిస్టులో పై వరస ఇస్తాయి. ఆ మాట లేకపోతే పేరు లిస్టులో ఉన్నా ఏళ్లు గడిచిపోతాయి. కాబట్టి వచ్చే రివ్యూ మీటింగ్‌లో పాత్‌వే ప్లాన్‌లో 'ఇల్లు' అనే భాగం తెరిపించి, ఏ నెలలో ఏం జరగాలో తేదీలతో రాయించండి. "చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

ఇక ఏ కౌన్సిల్? మీ విషయంలో చిక్కంతా ఇక్కడే. మీ ఇల్లు ఎక్కడున్నా ఆ అమ్మాయి బాధ్యత మాత్రం కేర్‌లోకి తీసుకున్న లండన్ కౌన్సిల్‌దే. పీఏ, అలవెన్సు, పాత్‌వే ప్లాన్, అన్నీ వాళ్లే చూడాలి. తనకి సాయం కావాలంటే 25 ఏళ్ల దాకా పీఏని ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. ఆ అమ్మాయికేమో స్నేహితులు, పని, బస్ పాస్ అన్నీ మీ ఊళ్లో. ఒకప్పుడు "మీకు మా ఊరితో సంబంధం ఏళ్ల తరబడి ఉండాలి" అని కౌన్సిళ్లు వెనక్కి పంపేసేవి. 2025 జులై నుంచి ఇంగ్లండ్‌లో 25 ఏళ్ల లోపు కేర్ లీవర్లని ఈ లోకల్ కనెక్షన్ సాకుతో రిజిస్టర్‌లోకి రానివ్వకుండా ఆపకూడదు. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు పాత రూలే చెబితే ఈ తేదీ చెప్పండి. అయితే లోపలికి రానివ్వడం వేరు, ముందు వరసలో కూర్చోబెట్టడం వేరు. సొంత కేర్ లీవర్లకి పై బ్యాండ్ ఇచ్చి బయటివాళ్లని కింద పెట్టే కౌన్సిళ్లు ఉన్నాయి. అందుకని రెండు చోట్లా అప్లై చేయించి, రెండింటి అలొకేషన్ పాలసీలో (ఇళ్లు ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పే నియమాల్లో) 'కేర్ లీవర్' అని ఉన్న పేరా చదవండి. కొన్ని చోట్ల వారం వారం బిడ్డింగ్ ఉంటుంది, అంటే ఖాళీ ఇళ్లలో నచ్చినదానికి మనమే పేరు ఇవ్వాలి, కొన్ని చోట్ల నేరుగా ఒక ఇల్లు చూపిస్తారు. అలా చూపించింది వద్దంటే ప్రయారిటీ పోవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి.

మీవారి మనసు మంచిదే కానీ గ్యారంటర్ సంతకం నాకు నచ్చలేదు. అది 5,000 పౌండ్లతో ఆగే లెక్క కాదు. ఎంత బకాయి పడితే అంతా, గోడలు పాడైతే ఆ ఖర్చు కూడా మీ మెడకే చుట్టుకోవచ్చు. ప్రైవేటు ఇల్లే తీసుకోవాల్సి వస్తే ముందు లండన్ కౌన్సిల్‌ని గ్యారంటీ ఉండమనండి, కేర్ లీవర్ల కోసం అలాంటి పథకం ఉన్న కౌన్సిళ్లు చాలా ఉన్నాయి. ఇంకొకటి: 35 ఏళ్ల లోపు ఒంటరివాళ్లు ప్రైవేటు అద్దెకి ఉంటే యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నెలసరి సాయం) అద్దె కోసం షేర్డ్ గది రేటే ఇస్తారు. కేర్ లీవర్లకి 25 దాకా ఆ కోత లేదు, సింగిల్ బెడ్‌రూమ్ రేటు వస్తుంది. ఈ సంగతి తెలియక వదులుకున్నవాళ్లని చూశాను.

ఇప్పుడు ఇందాకటి ప్రొబేషన్ మాట. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి ఫ్లాట్ తాళం చేతికొచ్చిన రోజు నేనూ వెంట వెళ్లాను. నేల మీద కార్పెట్ లేదు, ఉత్త సిమెంటు. కిటికీలకి కర్టెన్లు లేవు, స్టవ్ లేదు, వంటింట్లో రెండు కుళాయిలు తప్ప ఏమీ లేదు. కరెంటు మీటరులో పది పౌండ్లు వేస్తే మూడు పౌండ్లే కనిపించాయి, మిగతాది పాత అద్దెదారు అప్పు కింద పోయింది. అద్దె వారం వారం పడుతుంది, యూనివర్సల్ క్రెడిట్ మొదటి డబ్బు ఐదు వారాలకి గానీ రాలేదు. ఆరో వారంలో బకాయి లెటర్ వచ్చింది. వాడు ఆ కవరు విప్పకుండా డోర్ వెనకాల పడేశాడు.

ప్రొబేషన్ ఏడాది అంటే ఇదే. మీ 5,000 పౌండ్లు పనికొచ్చేది ఆ ఆరు వారాలకి, డిపాజిట్‌కి కాదు. సామాన్ల కోసం కౌన్సిల్ ఇచ్చే 'సెట్టింగ్ అప్ హోమ్' అలవెన్సుని 2023 ఏప్రిల్‌లో 2,000 నుంచి 3,000 పౌండ్లకి పెంచారు. చాలా చోట్ల చేతికివ్వరు, బిల్లు మీద కొనిపెడతారు. కార్పెట్‌కి ఎంత, ఫ్రిజ్‌కి ఎంత అని ఇప్పుడే కాగితం మీద వేయండి. యూనివర్సల్ క్రెడిట్ క్లెయిమ్‌ని పుట్టినరోజుకి 28 రోజుల ముందే సిద్ధం చేసుకునే వీలు కేర్ లీవర్లకి ఉంది, వాడుకోండి. అప్రెంటిస్ జీతం పెరిగేకొద్దీ క్రెడిట్ తగ్గుతుంది, అది లెక్కలో వేసుకోండి. మీ డబ్బు ఇవ్వాలనుకుంటే ఒకేసారి తన ఖాతాలో పోయకండి. పొదుపు 6,000 పౌండ్లు దాటితే క్రెడిట్ తగ్గడం మొదలవుతుంది.

6,000 అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. 2002 సెప్టెంబరుకీ 2011 జనవరి 2కీ మధ్య పుట్టిన పిల్లలకి ప్రభుత్వం చైల్డ్ ట్రస్ట్ ఫండ్ అనే పొదుపు ఖాతా తెరిచింది. 2008లో పుట్టినవాళ్లకి మొదట్లో వేసింది కనీసం 250 పౌండ్లు. తనకీ ఒకటి ఉండే ఉంటుంది, ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవచ్చు. హెచ్ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) సైట్‌లో వెతకొచ్చు, 18 నిండిన రోజు నుంచి అది తన సొమ్ము. అప్రెంటిస్‌గా చేరిన కేర్ లీవర్లకి 3,000 పౌండ్ల బర్సరీ (తిరిగి కట్టక్కర్లేని సాయం) కూడా ఉంది, ట్రైనింగ్ ఇస్తున్నవాళ్లని అడగమనండి. కౌన్సిల్ టాక్స్ మినహాయింపు మాత్రం ఊరిని బట్టి మారుతుంది.

ఇవన్నీ కుదిరేదాకా తను ఎక్కడుండాలి? మీ ఇంట్లోనే. మీరిద్దరూ, తనూ ఒప్పుకుంటే 'స్టేయింగ్ పుట్' (18 దాటాక కూడా ఫోస్టర్ ఇంట్లోనే కొనసాగే ఏర్పాటు) కింద 21 దాకా ఉండొచ్చు. మీకొచ్చే ఫోస్టరింగ్ అలవెన్సు 18తో ఆగి, సాధారణంగా తక్కువ మొత్తం మొదలవుతుంది. తన వైపు నుంచి కొంత అద్దె కట్టమనే కౌన్సిళ్లూ ఉన్నాయి. ఆ మొత్తాలు ఎంతెంతో మార్చి లోపే రాతపూర్వకంగా తీసుకోండి. మీ దగ్గరుంటే లిస్టులో పేరు తీసేస్తారేమోనన్న భయం ఉంటే, స్టేయింగ్ పుట్‌లో ఉండి కూడా రిజిస్టర్‌లో కొనసాగవచ్చా అని పీఏని అడిగి జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

ముందుగా తన నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ లెటర్ ఎక్కడుందో వెతకండి. అది 16 నిండుతున్నప్పుడు వస్తుంది, పాత సోషల్ వర్కర్ ఫైల్లోనే ఉండిపోయి ఉండొచ్చు.