కుంగ్‌ఫూ పుస్తకం కొనేముందు హార్స్ స్టాన్స్ పేజీ తెరిచి చూడండి

గుంటూరులో ఉంటున్నానని, షిఫ్టు డ్యూటీల వల్ల క్లాసులకు వెళ్ళడం కుదరదని, ఇంట్లోనే కుంగ్‌ఫూ నేర్చుకోవడానికి మంచి పుస్తకం చెప్పమని అడిగారు. ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఎలా చూసి కొనాలో తెలియక మోకాళ్ళ మీదకి తెచ్చుకున్నవాణ్ణి నేను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది విజయవాడ. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఒక కుంగ్‌ఫూ పుస్తకం కనబడింది. అట్ట మీద గాల్లోకి ఎగిరి తన్నుతున్న మనిషి. ఆ బొమ్మ చూసే కొన్నాను, అబద్ధం చెప్పను. కొట్టాయన నూట యాభై అంటే బేరమాడి తొంభైకి తెచ్చుకుని, రోజూ సాయంత్రం డాబా ఎక్కి మొదలుపెట్టాను. హార్స్ స్టాన్స్ అంటే గుర్రం ఎక్కినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి కిందికి కూర్చోవడం. పుస్తకంలో ఒకచోట మనిషి బాగా కిందికి కూర్చుని ఉన్నాడు. ఇంకోచోట అదే పేరుతో మరో బొమ్మ, అందులో కాలివేళ్ళు లోపలికి తిరిగి ఉన్నాయి. నేను రెండూ కలిపేశాను. వేళ్ళు లోపలికి తిప్పి, కిందిదాకా కూర్చునేవాణ్ణి. మూడు వారాలు తిరక్కుండానే మోకాళ్ళ లోపలి వైపు నొప్పి పట్టుకుంది. డాబా మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడమే. అమ్మ కాపడం పెడుతూ పెట్టిన చీవాట్లు వేరే సంగతి.

తర్వాత పొద్దున్నే గ్రౌండ్‌లో నేర్పే ఒక మాస్టారి దగ్గర చేరాను. నా స్టాన్స్ చూసి ఆయన ఏమీ అనలేదు. చేతిలోని కర్రతో నా బొటనవేళ్ళని చెరోసారి తట్టి ముందుకి తిప్పించారు. "మోకాలు ఎటు చూస్తే వేలూ అటే చూడాలిరా" అన్నారు. కొన్నాళ్ళకి నొప్పి పోయింది.

తమాషా ఏమిటంటే, ఆ రెండు బొమ్మల్లో ఏదీ తప్పు కాదు. మొదటిది ఉత్తర చైనాలో పుట్టిన చాంగ్‌చువాన్ పద్ధతి. పాదాల మధ్య దూరం మన పాదానికి సుమారు మూడు రెట్లు, వేళ్ళు నేరుగా ముందుకి, తొడలు ఇంచుమించు నేలకి సమాంతరంగా. రెండోది దక్షిణాది వింగ్ చున్. అందులో వేళ్ళు లోపలికే ఉంటాయి, కానీ మోకాళ్ళు కొంచెమే వంచుతారు, అంత కిందికి కూర్చోరు. నా పుస్తకంలో వేర్వేరు శైలుల బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఏది దేనిదో రాయలేదు. "దక్షిణాన పిడికిళ్ళు, ఉత్తరాన కాళ్ళు" అని చైనావాళ్ళ నానుడి ఒకటుంది. శైలి మారితే నిలబడే తీరే మారిపోతుంది. కాబట్టి అట్ట మీద ఉత్త "కుంగ్‌ఫూ" అని ఉండి, లోపల ఏ శైలో ఎక్కడా చెప్పని పుస్తకాన్ని అక్కడే వదిలేయండి. కటా, డోజో లాంటి మాటలు కనిపిస్తే అది కరాటే పుస్తకం. అవి జపాన్ మాటలు. పేరు మార్చి అమ్మేస్తుంటారు.

శైలి తెలిశాక నేరుగా హార్స్ స్టాన్స్ పేజీకి వెళ్ళండి. పాదాలు కనిపిస్తున్నాయా? ముందు నుంచే కాకుండా పక్క నుంచి తీసిన ఫొటో కూడా ఉందా? బరువు ఎక్కడ ఉండాలో, జనం మామూలుగా చేసే తప్పేమిటో రాశారా? తప్పుల గురించి రాసిన రచయిత ఎవరికో ఒకరికి నేర్పి ఉంటాడు. ఎగిరి తన్నే ఫొటోలు ఎన్నున్నా నాకు లెక్కలేదు.

తర్వాత ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి ఎలా వెళ్ళాలో చూపించారా లేదా చూడండి. చాలా పుస్తకాల్లో మొదటి ఫొటో, చివరి ఫొటో ఉంటాయి, నడుమ ఏ కాలు ముందు కదలాలో ఉండదు. కుడి ఎడమల గొడవ ఇంకోటి. బొమ్మలో మనిషి మన వైపు తిరిగి ఉంటే అతని ఎడమ చెయ్యి మన కుడి వైపు కనిపిస్తుంది. డాబా మీద ఒక్కడే పుస్తకం చూస్తూ చేసేవాడికి అదో పెద్ద టెన్షన్. వీపు వైపు నుంచి తీసిన ఫొటోలున్న పుస్తకం దొరికితే ఇంకో వంద ఎక్కువైనా తీసుకోండి.

బ్రూస్ లీ పుస్తకం గురించి కూడా అడిగారు. 'తావో ఆఫ్ జీత్ కున్ దో' మొదటి పుస్తకంగా వద్దు. 1970లో నడుం దెబ్బతో మంచాన ఉన్నప్పుడు రాసుకున్న నోట్సు అందులో చాలా ఉంది. ఆయన 1973లో పోయాక, 1975లో పుస్తకంగా వేశారు. వింగ్ చున్‌తో పాటు బాక్సింగ్, కత్తియుద్ధం ఆలోచనలు కూడా అందులో ఉన్నాయి. రెండేళ్ళు ఒళ్ళు వంచాక చదివితే ఒక్కో లైను దగ్గర ఆగిపోతాం. ఇప్పుడు చదివితే మాత్రం ఏమీ అందదు.

మీలా ఒంటరిగా మొదలుపెట్టేవాళ్ళకి చాంగ్‌చువాన్ వైపు పుస్తకమే మేలని నా అభిప్రాయం. అందులో వు బు చువాన్ అని ఐదు స్టాన్సులు కలిపిన చిన్న వరస ఉంటుంది, కొత్తవాళ్ళ కోసం పెట్టిందే. అది ఉన్న పుస్తకం చూసుకోండి. వింగ్ చున్‌లో ఎదుటి మనిషి చేతులు తగులుతుంటేనే సగం చదువు, జోడీ లేకుండా త్వరలోనే ఆగిపోతారు. పడటాలు, విసరడాలు, నన్‌చాకూ (గొలుసుతో కలిపిన రెండు కర్రల ఆయుధం) తిప్పడం పుస్తకం చూసి చేయకండి. ఇసక లాంటివాటిని గుద్ది చేతులు గట్టిపరుచుకునే 'ఇనుప అరచేతుల' అధ్యాయం అసలు తిప్పకండి. మా పెదనాన్నగారబ్బాయి ఇసక బకెట్లో గుద్ది వారం రోజులు అన్నం స్పూనుతో తిన్నాడు.

ఫోన్‌ని గోడకి ఆనించి పక్క నుంచి వీడియో తీసుకుని పుస్తకంలోని ఫొటోతో పోల్చుకోండి. మోకాలు నొప్పెడితే ఆ రోజుకి ఆపేయండి. గుంటూరు నుంచి బెజవాడ గంట ప్రయాణమే కదా, నెలకో సెలవు రోజు వచ్చి తెలిసిన మాస్టారెవరికైనా ఆ ఐదు స్టాన్సులు చూపించి దిద్దించుకోండి. అదే రోజు లెనిన్ సెంటర్ కూడా ఒక చుట్టు తిరగొచ్చు. ఏదైనా పుస్తకం నచ్చితే కొనకముందే హార్స్ స్టాన్స్ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.