మహమ్మారితో ఒప్పందమా?

ప్రశ్న: అయ్యా, 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ‘మహమ్మారి ఒప్పందం’ ఆమోదించిందన్న వార్త చదివి వినిపిస్తే, మా మనవడు ‘మహమ్మారితో ఒప్పందం ఏందవ్వా?’ అన్నాడు. ఆ మాట సరైనదేనా? ఇంకోచోట దాన్నే ‘చట్టం’ అన్నారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మనవడు గట్టివాడే తల్లీ! ‘ఒప్పందం’ ముందు విషయమూ రావచ్చు, అవతలి పక్షమూ రావచ్చు. ‘సింధు జలాల ఒప్పందం’ అంటే ఎవరూ తికమకపడరు, నీళ్లు సంతకం పెట్టవు గనక. మారి అట్లా కాదే! ఒంటిమీద పొక్కులు లేస్తే ‘అమ్మోరు పోసింది’ అనే వాళ్లం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు కట్టి మొక్కు తీర్చుకునే తిరుపతిలో ఉంటూ ఆ శీర్షిక చూస్తే, నాకూ మొక్కుబడే గుర్తొచ్చింది. ‘మహమ్మారుల కట్టడి ఒప్పందం’ అంటే తిరకాసు లేదు.

ఇక రెండోది. క్రియను పట్టుకోండి, తేడా తెలుస్తుంది. చట్టం చేస్తారు, ఒప్పందం కుదుర్చుకుంటారు. చేయడానికి అధికారమున్న సభ ఒకటి ఉండాలి. 1897లో బొంబాయి ప్లేగు నాడు అంటువ్యాధుల చట్టం అట్లా చేసిందే. ప్రపంచానికంతా ఒక పార్లమెంటు లేదు గదా, దేశాలు కుదుర్చుకోవాల్సిందే. ఈ కొత్త ఒప్పందమైనా 60 దేశాలు ధ్రువీకరిస్తేగానీ అమల్లోకి రాదు.

మధ్యలో ‘అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు’ అని మరొకటుంది, 2005 నాటిది. దానికి విడిగా సంతకాలక్కర్లేదు. గడువులోగా కాదనని సభ్యదేశాలన్నిటికీ వర్తిస్తుంది. ఇతర దేశాలకూ ముప్పు తేగల రోగమని అంచనాకొస్తే 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు పెట్టాలి. పెట్టకపోతే జరిమానా మాత్రం లేదు. మాటలో బంధం ఉంది, దండం లేదు. పేరు బాగానే కుదిరింది.

పొగాకు నియంత్రణ మీద 2003లో వచ్చినదాన్ని ‘ముసాయిదా ఒప్పందం’ అని రాసినవారిని చూశాను. ముసాయిదా అంటే చిత్తుప్రతి. అది తప్పు, ఇంగ్లీషులో ‘ఫ్రేమ్‌వర్క్’ అన్నారు గనక ‘చట్రపు ఒప్పందం’ అనాలి. మీది అరవం వినబడే ఊరు కాబట్టి చెబుతున్నా: వాళ్ల ‘సట్టం’ శాసనానికీ పేరే, పటం చుట్టూ బిగించే చట్రానికీ పేరే. ఆ చట్రంలో ప్యాకెట్టు మీద హెచ్చరిక కనీసం 30 శాతం ఉండాలన్నారు. మనవాళ్లు 2016 నుంచి 85 శాతం చేశారు. అంగట్లో సిగరెట్టు పెట్టె తిప్పి చూడండి, కంపెనీ పేరుకు మిగిలింది అంచే.